చుక్కల కాగితంతో నీటి ఉపరితలం ఆకారం కనిపెట్టడం ఎలా?

కావలసినవి పెద్దగా లేవు. అడుగు పారదర్శకమైన గాజు అద్దంతో ఉన్న తొట్టె, దాని కింద ప్రింట్ తీసిన చుక్కల కాగితం, వెనక నుంచి సమంగా పడే లైటు, పైనుంచి నిటారుగా కిందికి చూసే కెమెరా. చుక్కలు చిందరవందరగా ఉండాలి. గళ్ళ కాగితం పెడితే ఒక గడి జరిగిందో రెండు జరిగాయో కంప్యూటర్‌కి తెలిసి చావదు. కెమెరాని వీలైనంత ఎత్తున పెట్టి జూమ్ చేయండి, దగ్గర పెట్టి వైడ్ లెన్స్ వాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఒక ఫొటో, అలలు లేచాక ఇంకో ఫొటో. మధ్యలో దేన్నీ తాకొద్దు. నీటి పైభాగం వాలిన చోట కాంతి వంగి, కింద చుక్కలు జరిగినట్టు కనిపిస్తాయి. ఎక్కడ ఎంత జరిగాయో పీఐవీ సాఫ్ట్‌వేర్ (రెండు ఫొటోల్ని పోల్చి కదలికని కొలిచేది) చెబుతుంది.

అందరూ బోల్తా పడేది కాగితానికీ నీటి పైభాగానికీ మధ్య దూరం దగ్గర. చుక్క జరిగేది సుమారుగా ఆ దూరాన్ని అక్కడి వాలుతో గుణించి నాలుగో వంతు తీస్తే వచ్చినంత. 10 సెంటీమీటర్ల దూరం, 0.05 వాలు అయితే 1.25 మిల్లీమీటర్లు. దూరం పెంచితే చుక్కలు ఇంకా బాగా జరుగుతాయి కదా అని పెంచేస్తారు, అక్కడే కొంప మునుగుతుంది. అల శిఖరం భూతద్దంలా పనిచేస్తుంది కాబట్టి ఒక హద్దు దాటాక కిరణాలు ఒకదాన్నొకటి దాటేసి, ఒకే చుక్క రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఏమీ ఎరగనట్టు అందమైన అంకెలు ఇస్తూనే ఉంటుంది!

హద్దు తెలుసుకోవాలంటే తరంగదైర్ఘ్యం (ఒక శిఖరం నుంచి పక్క శిఖరం దాకా దూరం) వర్గాన్ని, అల ఎత్తుకి (సగటు మట్టం నుంచి శిఖరం దాకా) పది రెట్లతో భాగించండి. 5 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అల 1 మిల్లీమీటరు ఎత్తు లేస్తే హద్దు 25 సెంటీమీటర్లు. అదే ఎత్తుతో తరంగదైర్ఘ్యం సగమైతే 6 సెంటీమీటర్ల చిల్లరే. అందుకే పెద్ద అలని చూసి మురిసిపోకుండా దాని మీద పాకే చిన్న అలలకి కూడా లెక్క వేయండి. హద్దులో సగం దాటకూడదు, అంతే. ఫొటోలో చుక్కలు గీతల్లా సాగాయంటే ఆ ఫొటో పారేయండి. ఇంకోటి, నీటి లోతొక్కటే దూరం కాదు: అద్దం కింద 1 సెంటీమీటరు గాలి సందుంటే దాన్ని 1.33గా కలుపుకోవాలి.

నీళ్లలో తెల్లరంగు కలిపి పైన ప్రొజెక్టర్‌తో వెలుగు చారలు వేసే పద్ధతి కూడా ఉంది, నిటారుగా లేచే అలలకి అదే నయం. చిన్న అలలకి మాత్రం నా ఓటు చుక్కలకే, నీళ్లు శుభ్రంగా ఉంటాయి.

చివరగా, వాలు నుంచి ఎత్తు. ఒక్కో వరుసా కూడుకుంటూ పోతే తప్పులు పోగుపడి బొమ్మ నిండా చారలొస్తాయి. అన్ని వాలులకీ ఒకేసారి సరిపోయే ఉపరితలాన్ని లీస్ట్ స్క్వేర్స్‌తో (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా చూసే లెక్క) వెతకండి. వాలుల నుంచి అసలు మట్టం రాదు. తొట్టె మొత్తం ఫొటోలో ఉంటే నీళ్లు ఎక్కడికీ పోవు కాబట్టి సగటుని సున్నా చేయండి, కొంత భాగమే ఉంటే ఏదో ఒక బిందువు దగ్గర ఎత్తు విడిగా కొలవక తప్పదు.