పెద్దోళ్లకి కడుపు ఆపరేషనా, మత్తు గురించి ముందే అడగండి

మా అవ్వకి 74 ఏళ్లు, తిరుపతిలో హెర్నియా ఆపరేషన్ చేయించినాము, అప్పుడు తెలుసుకున్నది రాస్తాండా. గజ్జల్లో హెర్నియా లాంటి కింద కడుపు ఓపెన్ ఆపరేషన్‌కి నడుముకి ఇచ్చే స్పైనల్ (ఒంటి కింది భాగం మాత్రం మొద్దుబారే మత్తు సూది) చాలామందికి సరిపోతుంది, ఆయాసం ఉన్నోళ్లకి మేలే, కానీ బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, గుండె వాల్వ్ బాగా సన్నబడినోళ్లకి అందుకే డాక్టర్లు ఆలోచిస్తారు. లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి చేసేది), పేగులు, పైకడుపు అయితే మామూలుగా జనరలే, అంటే పూర్తిగా నిద్రపుచ్చే మత్తు. పెద్ద కోత ఉంటే నొప్పికి ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర సన్న గొట్టం పెట్టి ఇచ్చే మందు) గానీ పొట్ట గోడకి బ్లాక్ (అక్కడి నరాలు మొద్దుబారే సూది) గానీ ఇస్తారా అని అడగల్ల, నొప్పి తగ్గితేనే దగ్గి కఫం తీయగలరు.

అన్నిటికన్నా ముఖ్యం మాత్రల సంచి. మొత్తం తీసుకుపోయి మత్తు డాక్టర్ టేబుల్ మీద పోయండి. మా అవ్వ సంచిలో బీపీ మాత్రల కింద క్లోపిడోగ్రెల్ షీటు ఒకటి బయటపడింది, రక్తం పలచన చేసేది, అది వేసుకుంటా ఉండగా స్పైనల్ ఇస్తే వెన్నులో రక్తం కారి గడ్డగా చేరే ప్రమాదం ఉంది. మామూలుగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపిస్తారు, కానీ స్టెంట్ ఉన్నోళ్లు మాత్రం గుండె డాక్టర్‌ని అడక్కుండా సొంతంగా ఆపొద్దండి, ప్లీజ్.

మెలకువ రాగానే కళ్లద్దాలు, చెవి మిషన్ పెట్టండి, తెలిసిన గొంతు పక్కనే ఉండల్ల, ఈ వయసులో ఆపరేషన్ తర్వాత తికమక పడేది ఎక్కువ.