డీఎస్‌ఎల్‌ఆర్‌తో వీడియో – 3వ పాఠం: ఊగని షాటు

పోయిన పాఠంలో ఫ్రేమ్ రేటు 25 (సెకనుకు 25 బొమ్మలు), షట్టర్ 1/50 (ఒక్కో బొమ్మకు సెకనులో యాభయ్యో వంతు) పెట్టుకుని ఒక క్లిప్ తీయమన్నాను. దాన్ని కంప్యూటర్‌లో పెద్దగా పెట్టి చూశారా? కెమెరా స్క్రీన్ మీద కుదురుగా ఉన్న షాటు అక్కడ పడవలో కూర్చుని తీసినట్టు ఊగుతూ ఉంటుంది. నా మొదటి క్లిప్పులన్నీ అలాంటివే.

డీఎస్‌ఎల్‌ఆర్ కంటికి ఆనించి పట్టుకోవడానికి తయారైన వస్తువు. ఫొటో తీసేటప్పుడు రెండు చేతులకు తోడు ముఖం మూడో ఆసరా. వీడియో మోడ్‌లోకి వెళ్లగానే లోపలి అద్దం పైకి లేచి, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో చీకటి కమ్ముతుంది. ఇక వెనక స్క్రీన్ చూడాలి, చూడాలంటే కెమెరాను ముందుకు జరపాలి. మూడో ఆసరా అక్కడే పోతుంది. 2008లో నికాన్ డీ90 వీడియోతో వచ్చినప్పటి నుంచీ ఉన్న తిప్పలే ఇవి.

పోయిన ఆసరాను మెడలోని స్ట్రాప్‌తో తిరిగి తెచ్చుకోవచ్చు. కెమెరా ముఖానికి జానెడున్నర దూరంలో ఆగేలా స్ట్రాప్ పొడవు సరిచేయండి. మోచేతులు డొక్కలకు ఆనించండి. ఎడమ అరచేయి లెన్స్ కింద ఉండాలి. ఇప్పుడు స్ట్రాప్ బిగుసుకునేదాకా కెమెరాను ముందుకు నెట్టండి. మెడ వెనక కాస్త ఒరుసుకుంటుంది, కాలరున్న చొక్కా వేసుకుంటే నయం. వేలితో మీటితే స్ట్రాప్ వదులుగా ఊగకూడదు. ఊపిరి బిగబట్టకండి, పది సెకన్లకే చేతులు వణుకుతాయి. మెల్లగా వదులుతూ తీయండి.

లెన్స్ సంగతి క్లుప్తంగా. 18-55 మి.మీ. జూమ్ లెన్స్ ఉంటే 18 దగ్గరే ఉంచండి. జూమ్ చేసిన కొద్దీ వణుకూ పెద్దదవుతుంది. దగ్గరగా కావాలంటే నడిచి వెళ్లండి. లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఉంటే ఆన్ చేయండి. దాని గరగర కెమెరా మైక్‌లో పడొచ్చు, ఆ గొడవ ఆడియో పాఠంలో చూద్దాం.

పక్కకు తిప్పే షాటులో చాలామంది పాదాలు కదుపుతారు. షాటు ఎక్కడ ముగుస్తుందో అటు తిరిగి నిలబడండి. నడుము పైభాగాన్ని మెలితిప్పి మొదటి ఫ్రేమ్‌కు తెచ్చుకుని, మెలి విప్పుతూ రండి. చివరికి ఒళ్లు సుఖంగా ఉన్న చోట షాటు ఆగుతుంది. తిప్పడం మాత్రం నిదానంగా ఉండాలి. ఈ కెమెరాల సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి, విసురుగా తిప్పితే కరెంటు స్తంభాలు ఒరిగిపోతాయి. ఎడిటింగ్‌లో స్టెబిలైజ్ చేస్తే సరిపోతుందనుకుంటారేమో. అది అంచులు కోసేస్తుంది, వణుకు వల్ల అలుక్కుపోయిన ఫ్రేములను మాత్రం బాగుచేయలేదు.

ఈ వారం అభ్యాసం: ఒకే కిటికీని 20 సెకన్ల చొప్పున మూడుసార్లు తీయండి. మొదట చేతులు చాపి, తర్వాత స్ట్రాప్ బిగించి, చివరగా వీపు గోడకు ఆనించి. మూడింటినీ పక్కపక్కన పెట్టి, కిటికీ చట్రం ఫ్రేమ్ అంచు నుంచి ఎంత జరుగుతోందో చూడండి. వచ్చే పాఠంలో మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు.