సహజీవనం అనే మాట ఎక్కడ, ఎలా వాడాలి

కోనసీమలో మా ఊరివాళ్లు గొంతు తగ్గించి "వాళ్లు సహజీవనం చేస్తున్నారంట" అన్నారంటే పెళ్లి కాకుండా ఒకే ఇంట్లో ఉంటున్నారనే అర్థం, కానీ ఆ మాటని అక్కడికే కట్టేయకండి. పెళ్లయిన జంటకి కాపురం అనండి, ఎంత చక్కటి మాటో. గది అద్దెకి తీసుకున్న స్నేహితులైతే కలిసి ఉంటున్నారు అంటే చాలు. చట్టం గురించి రాసేటప్పుడు జాగ్రత్త: 2005 గృహహింస చట్టం చెప్పేది వివాహం లాంటి సంబంధం గురించి, ఒకే కప్పు కింద ఉన్న ప్రతి ఇద్దరికీ అది వర్తించదు.

నాకు బాగా ఇష్టమైన వాడుక మాత్రం పొలంలోనే ఉంది. వరి మడిలో నీటి మీద పచ్చగా పరుచుకున్న అజొల్లా అనే నీటి మొక్కని ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి, ఒక్కో ఆకు ఆవగింజంత, దాని లోపలి చిన్న గుంటలో అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు కాపురముంటూ గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, అజొల్లా దానికి చోటిస్తుంది. ఇది అచ్చమైన సహజీవనం. కొబ్బరి తోటలో వేసే కోకోని మాత్రం అంతర పంట అనే అనాలి.

దేశాల గురించైతే ముందు శాంతియుత అని చేర్చండి, 1954లో భారత్, చైనాలు ఒప్పుకున్న పంచశీలలో ఐదో సూత్రం శాంతియుత సహజీవనమే. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు ఒక పక్షం, ప్రధాని ఎదుటి పక్షం అయినా సహజీవనం అనే అంటారు, అది 1986లో అధ్యక్షుడు మిత్తెరా, ప్రధాని షిరాక్‌లతో మొదలైంది.