వెయ్యి లీటర్ల ఐబీసీ ట్యాంకులను గోడౌన్‌లో సురక్షితంగా పేర్చడం

ద్రవ రసాయనాలను పెద్ద మొత్తంలో వాడే ఫార్మా, రంగుల, నీటిశుద్ధి కర్మాగారాల్లో వెయ్యి లీటర్ల ఐబీసీ (ఇంటర్మీడియట్ బల్క్ కంటైనర్) ట్యాంకు సర్వసాధారణం. లోపల ప్లాస్టిక్ తొట్టి, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం, అడుగున ప్యాలెట్ అనే కాళ్ల పీఠం ఉంటాయి. వీటిని ఎన్ని వరుసల ఎత్తుకు పేర్చవచ్చో కంటితో చూసి నిర్ణయించకూడదు. అడుగున ఉన్న ట్యాంకు ఎన్ని కిలోలు మోయగలదన్నదే అసలు లెక్క.

ఆ సంఖ్య పంజరానికి బిగించిన రేకు మీద ఉంటుంది. ప్రమాదకర సరుకుల రవాణాకు ఆమోదం పొంది, 2011 జనవరి 1 నుంచి తయారైన ఐబీసీలపై ఒకదానిపై ఒకటి పేర్చిన పెట్టెల బొమ్మ, దానితోపాటు పైన మోపదగిన గరిష్ఠ భారం కిలోల్లో ముద్రించి ఉండాలి. బొమ్మను కొట్టివేసినట్టు గీతలుంటే ఆ ట్యాంకుపై ఏమీ పెట్టరాదు. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. అదే రేకు మీద 31హెచ్ఏ1తో మొదలయ్యే పొడవైన కోడ్‌లో చివరి నుంచి రెండో సంఖ్య పరీక్షలో మోపిన భారం. అది అనుమతించిన భారానికి కనీసం 1.8 రెట్లు ఉంటుంది కాబట్టి, దాన్నే అనుమతిగా చదివితే భద్రత కోసం వదిలిన తేడా అంతా కరిగిపోతుంది.

బొమ్మ పక్కన 2000 కిలోలు అని ఉందనుకుందాం. ఖాళీ ట్యాంకు బరువు సుమారు 60 కిలోలు. నీటితో సమాన సాంద్రత గల ద్రవమైతే నిండు ట్యాంకు 1060 కిలోలు తూగుతుంది. పైన ఒకటి పెట్టవచ్చు, రెండు పెడితే 2120 కిలోలై పరిమితి దాటుతుంది. 50 శాతం కాస్టిక్ సోడా ద్రావణం లీటరుకు సుమారు 1.52 కిలోలు, 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 1.84 కిలోలు. ఆమ్లం నిండిన ట్యాంకు ఒక్కటే దాదాపు 1900 కిలోలవుతుంది. అందువల్ల బరువైన ద్రవం ఎప్పుడూ కిందనే ఉండాలి. సగం నిండిన ట్యాంకులో ద్రవం ఊగుతుంది కనుక దాన్ని పైకెక్కించకూడదు. ఖాళీ ట్యాంకు మీద నిండుది అసలే పెట్టకూడదు.

రేకు మీది సంఖ్య చెక్కుచెదరని ట్యాంకుకే వర్తిస్తుంది. గొట్టం వంగినా, వెల్డింగ్ విడిచినా, ప్యాలెట్ కాలు విరిగినా ఆ ట్యాంకును పేర్పు నుంచి తప్పించాలి. మన ఎండాకాలపు వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది కాబట్టి, ఆరుబయట ఎండలో పేర్చడం నాకు సమ్మతం కాదు. నేల సమతలంగా, గట్టిగా ఉండాలి. పై ప్యాలెట్ కాళ్లు కింది పంజరపు అంచులో సరిగ్గా కూర్చోవాలి. వేర్వేరు తయారీదారుల ట్యాంకులు ఇలా అమరకపోవచ్చు. ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కులు ప్యాలెట్ కిందికి పూర్తిగా వెళ్లాలి. ఎత్తే ముందు, ఆ ఎత్తులో బండి సామర్థ్యం ఎంతో దాని పలక మీద చూడాలి.

ఆమ్లాన్ని, సోడియం హైపోక్లోరైట్‌ను (బ్లీచింగ్ ద్రవం) ఒకే పేర్పులో గానీ, కారిన ద్రవం బయటకు పోకుండా చుట్టూ కట్టిన ఒకే కట్టలోపల గానీ ఉంచకూడదు. రెండూ కారి కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఆ కట్ట, అందులోని అతిపెద్ద ట్యాంకు పరిమాణంలో కనీసం 110 శాతం పట్టేలా ఉండటం మంచి పద్ధతి. హైపోక్లోరైట్ నిలవలో వాయువును వదులుతుంది కాబట్టి దాని మూతకు గాలి పోయే మార్గం ఉండాలి, ఆ మార్గాన్ని పై ట్యాంకు మూసివేయకూడదు.

పేర్చిన ట్యాంకు నుంచి ద్రవం తీయవద్దు. పై మూత తెరవకుండా కింది వాల్వు తిప్పితే గాలి లోపలికి పోక తొట్టి లోపలికి నొక్కుకుపోతుంది, పైన బరువున్న ట్యాంకులో అది మరింత ప్రమాదకరం. అవసరమైనదాన్ని ముందు నేలకు దించి, మూత వదులు చేసి, ఆ తరువాతే వాల్వు తిప్పాలి. పేర్పు ఒరిగినట్టు కనిపిస్తే మనుషులెవరూ దగ్గరికి వెళ్లి సరిచేయడానికి ప్రయత్నించకూడదు. దారి మూసి, భద్రతాధికారికి తెలియజేయాలి.