మొటిమలకు మందు రాసే ముందు మానుకోవలసిన పొరపాట్లు

ముఖం మీద నాలుగు మొటిమలు కనిపించగానే మెడికల్ షాపుకు వెళ్లి "ఏదైనా మంచి క్రీము ఇవ్వండి" అని అడగడం మనలో చాలామందికి అలవాటు. అలా తెచ్చుకున్న ట్యూబు మీది చిన్న అక్షరాలను ఓపికగా చదవండి. అందులో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లలో ఏది ఉన్నా దానిని మొటిమలకు రాయకూడదు. ఇవి స్టెరాయిడ్లు. మొటిమల విషయంలో జరిగే పొరపాట్లు ఎన్నో ఉన్నా, సరిదిద్దుకోవడానికి ఇంత కష్టమైనది మరొకటి లేదు కనుక దీనితోనే మొదలుపెడుతున్నాను.

స్టెరాయిడ్ క్రీము రాసిన కొద్ది రోజులకే ఎరుపు, వాపు తగ్గి ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది. మందు పనిచేసిందని సంతోషించి, ఒకరు వాడినది ఇంకొకరికి చెప్పి, ఇంటిల్లిపాదీ అదే రాసుకోవడం మొదలవుతుంది. మానగానే మొటిమలు మునుపటికంటె ఎక్కువగా, మంటతో సహా తిరిగి వస్తాయి. ఆ మంట భరించలేక మళ్లీ అదే ట్యూబు పట్టుకుంటారు. నెలల తరబడి ఇలా సాగితే చర్మం పలుచబడి, సన్నని రక్తనాళాలు ఎర్రని గీతలుగా పైకి తేలుతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఎండలోకి వెళితే ముఖం భగ్గుమంటుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అయినా అవి "తెల్లబడే క్రీము" అన్న పేరుతో చేతులు మారుతూనే ఉన్నాయి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు భయపడి సొంతంగా ఏదో ఒకటి చేయకుండా, ఆ ట్యూబును వెంటబెట్టుకుని చర్మవ్యాధి నిపుణులను కలవాలి. దానిని ఎలా మాన్పించాలో, మానిన తరువాత వచ్చే మంటను ఎలా తగ్గించాలో వారే చెప్పగలరు.

ఇక రెండవ పొరపాటు, మొటిమను మురికి అనుకోవడం. యౌవనంలో హార్మోన్ల ప్రభావం వల్ల చర్మంలోని తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవిస్తాయి. రోమకూపం లోపల రాలవలసిన మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి బిరడాలా అడ్డుపడతాయి. ఆ మూసుకున్న చోట మన చర్మం మీద ఎప్పుడూ ఉండే బాక్టీరియా పెరిగి వాపు పుడుతుంది. ఇదంతా లోపల జరిగేది. బ్లాక్‌హెడ్స్ నల్లగా ఉండడానికి కారణం కూడా దుమ్ము కాదు, ఆ బిరడాలోని వర్ణకం గాలి తగిలి నల్లబడడమే. అందువల్ల రోజుకు ఐదారుసార్లు సబ్బుతో రుద్దినా, స్క్రబ్బుతోనో బరక సున్నిపిండితోనో గట్టిగా తోమినా బిరడా ఊడిరాదు. పైపొర దెబ్బతిని, మంట పెరిగి, తరువాత రాసే మందును తట్టుకునే శక్తి చర్మానికి తగ్గిపోతుంది. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, బాగా చెమట పట్టినప్పుడు మరొకసారి గాఢత తక్కువగా ఉన్న ఫేస్‌వాష్‌తో చేతివేళ్లతోనే కడుక్కుంటే చాలు.

వంటింటి వైద్యం గురించి చెప్పడానికి కొంచెం సంకోచంగానే ఉంది, ఎందుకంటే అది ప్రేమతో చెప్పేవాళ్ల నోటి నుంచి వస్తుంది. కానీ నిమ్మరసం తీవ్రమైన ఆమ్లం, వంటసోడా క్షారం. స్వల్పంగా ఆమ్లగుణం ఉన్న చర్మానికి రెండూ పడవు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి నల్లమచ్చలు మిగిలే ప్రమాదం ఉంది. టూత్‌పేస్టు మొటిమను ఎండగడుతుందన్న మాట విని రాసుకున్నవారికి చర్మం కాలినట్లయి, మొటిమ పోయినా మచ్చ ఉండిపోతుంది. తలకు దట్టంగా కొబ్బరినూనె పట్టించి పడుకునే అలవాటున్నవారిలో నుదుటి మీద, చెంపల అంచున సన్నని మొటిమలు రావడం కూడా మామూలే. తలస్నానానికి గంట ముందు నూనె పెట్టుకుని కడిగేసుకోవడం మేలు.

సరైన మందు దొరికిన తరువాత చేసే పొరపాట్లలో మొదటిది తొందర. రోమకూపాలు మూసుకుపోకుండా చేసే అడాపలీన్ 0.1 శాతం జెల్ వంటి మందు ఫలితం తేలడానికి సుమారు 12 వారాలు పడుతుంది. మొదటి రెండు మూడు వారాలలో చర్మం పొడిబారి పొట్టు రేగడం, కొందరిలో మొటిమలు పెరిగినట్లు అనిపించడం సహజం. సరిగ్గా అప్పుడే చాలామంది మందు పడలేదని మానేసి మరొకటి మొదలుపెడతారు. ఇలా నెలకొక క్రీము మార్చేవారికి ఏ మందుకూ న్యాయమైన గడువు దొరకదు. రాత్రి ముఖం కడిగి, బాగా ఆరిన తరువాత, ముఖమంతటికీ కలిపి బఠానీ గింజంత జెల్ తీసుకుని పలుచగా రాయాలి. కనిపించే మొటిమ మీద మాత్రమే చుక్క పెడితే, పక్కనే లోపల తయారవుతున్న వాటిని ఆపలేము. మొదట్లో రోజు విడిచి రోజు రాసి, పైన జిడ్డులేని మాయిశ్చరైజర్ వాడితే పొట్టు రేగడం తగ్గుతుంది. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని దానిని వదిలేయడం కూడా పొరపాటే.

మొటిమల బాక్టీరియాను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ పూతమందు ఎంత ఘాటైతే అంత మంచిదనుకోకండి, 2.5 శాతం గాఢతే 10 శాతంతో సమానంగా పనిచేస్తూ మంటను తక్కువ పుట్టిస్తుంది. అది తగిలితే తువ్వాళ్లు, దిండు గలీబులు రంగు వెలుస్తాయి కనుక పాతవి వాడుకోండి. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్‌ను ఒంటరిగా నెలల తరబడి రాస్తే బాక్టీరియా ఆ మందుకు అలవాటుపడిపోతుంది. అందుకే దానిని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జతచేసి ఇస్తారు. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలను స్నేహితుల చీటీ చూసి కొనడం ఎంతమాత్రం తగదు: గర్భిణి వాడితే బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలిగే ప్రమాదం ఎక్కువ, మాత్రలు ఆపిన తరువాత కూడా కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు అడాపలీన్ విషయం కూడా ముందే డాక్టరుతో చెప్పాలి.

గిల్లడం గురించి అందరికీ తెలుసు, అయినా అద్దం ముందు చేయి ఆగదు. నొక్కినప్పుడు చీము పైకి వచ్చినంత సులభంగా లోపలికీ చిమ్ముతుంది, దానితో వాపు లోతుకు దిగి గుంత మిగులుతుంది. మన చామనఛాయ చర్మంలో చిన్న వాపు కూడా నెలలపాటు ఉండే నల్లమచ్చను వదులుతుంది, ఎండ తగిలితే అది మరింత ముదురుతుంది. కాబట్టి మొటిమలకు మందు వాడేవారికి సన్‌స్క్రీన్ అలంకారం కాదు, చికిత్సలో భాగం. పెళ్లి దగ్గరపడిందని వాపుతో ఉన్న ముఖానికి పార్లర్‌లో బ్లీచ్, ఫేషియల్ మర్దనా చేయించుకోవడం కూడా ఇదే నష్టాన్ని తెస్తుంది.

"వేడి చేసింది", "పెళ్లయితే అవే పోతాయి" అనే మాటలతో కాలం గడపడం మరొక పొరపాటు. తీపి పదార్థాలు, జిమ్‌కు వెళ్లేవారు తాగే వే ప్రొటీన్ (పాల నుంచి తీసే మాంసకృత్తుల పొడి) కొందరిలో మొటిమలను పెంచుతాయి, వాటిని తగ్గించి చూడవచ్చు. కానీ తిండి మార్పు ఒక్కటే మందుకు బదులు కాదు. నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతూ మొటిమలు వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షలు చేయించాలి. నుదుటి మీద ఒకే పరిమాణంలో, దురదతో వచ్చే పొక్కులు అసలు మొటిమలే కాకపోవచ్చు. అవి ఫంగస్ వల్ల వచ్చినవైతే యాంటీబయాటిక్స్‌తో పెరుగుతాయి.

లోతుగా, నొప్పిగా గడ్డలు కడుతున్నా, గుంతలు పడడం మొదలైనా 12 వారాలు ఆగవలసిన పని లేదు. ఒకసారి పడిన గుంతను ఏ క్రీమూ పూడ్చలేదు, కనుక ఆ వారంలోనే నిపుణులను కలవండి. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన ప్రతి ట్యూబునూ, సబ్బునూ, మాత్రల అట్టనూ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్లి వారి ముందు పెట్టండి.