స్పర్శ తెలియని మచ్చ: కుష్ఠును పట్టుకునే పద్ధతి

పాలిపోయిన మచ్చ కనబడగానే నేను మందు రాయను. పగటి వెలుతురులో వీపు, పిరుదులతో సహా ఒళ్లంతా చూస్తాను. తర్వాత దూదిని సన్నగా మెలిపెట్టి, మామూలు చర్మం మీద తాకించి చూపిస్తాను. ఆపైన కళ్లు మూసుకుని, తాకిన చోట వేలు పెట్టమంటాను. దూదిని రుద్దకూడదు, ఊరికే ఆనించాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే, మొహమాటానికి "తెలుస్తోంది డాక్టర్" అనేవాళ్లు చాలామంది. అందుకే మధ్యమధ్యలో తాకకుండానే "ఇప్పుడెక్కడ?" అని అడుగుతాను.

మచ్చలో స్పర్శ కచ్చితంగా పోయిందంటే కుష్ఠుగానే చూడాలి. మోచేయి వెనక నరం లావెక్కిందేమో రెండు వైపులా తడిమి పోల్చండి. అనుమానం ఉంటే చర్మపు స్మియర్ (చర్మం నుంచి తీసిన ద్రవాన్ని గాజు పలక మీద పూసి క్రిముల కోసం చూసే పరీక్ష) తీయించండి.

మచ్చలు 5 వరకే ఉండి, స్మియర్‌లో క్రిములు లేకపోతే రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ మందులు మూడూ 6 నెలలు. లేదంటే 12 నెలలు. మూత్రం ఎర్రబడుతుందనీ చర్మం నల్లబడుతుందనీ ముందే చెప్పండి, లేకపోతే టెన్షన్‌తో మానేస్తారు. మధ్యలో మచ్చలు ఎర్రగా వాచినా, నరం నొప్పి పుట్టినా అది రియాక్షన్, అంటే క్రిముల మీద ఒంటి రోగనిరోధక శక్తి తిరగబడటం. కుష్ఠు మందులు ఆపకుండానే ప్రెడ్నిసొలోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) మొదలుపెట్టాలి, ఆలస్యమైతే చెయ్యి పడిపోతుంది.

గతంలో కాలా అజార్ (ఇసుక ఈగ కాటుతో వచ్చే జ్వరం) వచ్చిన మనిషికి, స్పర్శ బాగానే ఉన్న మచ్చలు కనిపిస్తే ఆ జ్వరాన్ని తెచ్చే లీష్మేనియా క్రిమి పరీక్షకు పంపండి.