పాత చెస్ ఆటల నుంచి టాక్టిక్స్ (రెండు మూడు ఎత్తుల్లో కొట్టే దెబ్బలు) నేర్చుకోవడం ఎలా?

కావలసినవి: చెస్ బోర్డు, నోట్‌బుక్, పెన్ను, అట్టముక్క, ఎత్తులన్నీ రాసి ఉన్న ఒక పాత ఆట. బోర్డు చేత్తో కదిపేదే ఉండాలి. ఫోన్ పక్క గదిలో పడేయండి.

మొదటి ఆటగా 1858లో పారిస్ ఒపేరా హాల్లో పాల్ మార్ఫీ ఆడినదే తీసుకోండి, వేరేది వద్దు. బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ బిరుదున్న ఇంకో ప్రభువు కలిసి ఆలోచించి ఆడినా ఈ అమెరికా కుర్రాడు 17 ఎత్తుల్లో ఆట కట్టేశాడు. ఇప్పటి గ్రాండ్‌మాస్టర్ల ఆటలు కొత్తవాళ్లకు పనికిరావు. వాళ్లు దెబ్బను ముందే పసిగట్టి తప్పుకుంటారు, ఆ దెబ్బేంటో మనకు కనిపించనే కనిపించదు.

తొలి తొమ్మిది ఎత్తులు చకచకా వేసేయండి.

ఇక్కడి నుంచి జాగ్రత్త. మిగతా ఎత్తులను అట్టముక్కతో మూసి తెల్లవైపు కూర్చోండి. మీ ఎత్తు, దానికి నల్లవాళ్ల జవాబు, మళ్లీ మీ ఎత్తు, మూడూ రాశాకే అట్ట జరపాలి. అందరూ మొదటిది రాసి ఆత్రంగా జరిపేస్తారు. అది లాటరీ టికెట్ గీకడం, నేర్చుకోవడం కాదు. 10, 13 ఎత్తుల దగ్గర ఎంతసేపైనా కూర్చోండి.

16వ ఎత్తుకు వచ్చాక ముందు చెక్ ఇచ్చే ఎత్తులన్నీ రాయండి, ఎంత పిచ్చిగా కనిపించినా సరే. అక్కడ రెండే ఉన్నాయి. మంత్రులను మార్చుకోవడం అందరికీ తడుతుంది. రెండోది, మంత్రిని బి8 గడిలో (బి నిలువు వరుస, 8వ అడ్డ వరుస) ఊరికే పెట్టడం, ఎవరూ రాయరు. కానీ నల్ల గుర్రం దాన్ని చంపక తప్పదు, వేరే ఎత్తే లేదు. గుర్రం లేచిపోగానే డి నిలువు వరుస ఖాళీ. ఏనుగు డి8కి వస్తుంది, ఆట కట్టు. ఎవరు కట్టారంటే ఏనుగని చెప్పేస్తారు. 9వ ఎత్తు నుంచి జి5లో కదలకుండా కూర్చుని, ఆ ఏనుగును కాస్తూ, రాజు ఇ7కి పారిపోకుండా ఆపిన బిషప్ సంగతి ఎవరూ ఎత్తరు. అది నోట్‌బుక్‌లో రాయకపోతే 16వ ఎత్తు మీకు అర్థం కానట్టే.

యాప్‌లో పజిల్స్ చేస్తే చాలదా అంటారు. చాలదు. ఇక్కడేదో ఉందని పజిల్ ముందే చెప్పేస్తుంది. నిజం ఆటలో ఆ మాట చెప్పేవాడెవడు?

మర్నాడు అదే ఆట నల్లవైపు కూర్చుని వేయండి. ఆట ముగిసేదాకా ఎఫ్8 బిషప్, హెచ్8 ఏనుగు ఒక్కసారీ కదల్లేదు, గమనించండి. 9వ ఎత్తులో బంటును బి5కి తోసే బదులు ఏం చేయాలో రాయండి. చెస్ ఇంజిన్‌ను, అంటే ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను, అడగడం ఆ తర్వాతే. వారానికి ఒక్క ఆట, అంతకు మించి వద్దు.